పసివాడి బెంగ: కుటుంబమూ, కథకుడూ

మన కథల్లో పిల్లలకు కొదవ లేదు. ఆకలికి ఏడ్చే పిల్లలున్నారు, వైద్యం అందక చచ్చిపోయే పిల్లలున్నారు, తల్లిదండ్రుల పోట్లాట మధ్య బిక్కచచ్చి నిలబడే పిల్లలున్నారు. అయితే వీళ్ళలో ఎక్కువమంది పెద్దల కథకు సాయం వచ్చినవాళ్ళే. తండ్రి కసాయితనం రుజువు చెయ్యడానికి ఒక పిల్లవాడు, తల్లి త్యాగం రుజువు చెయ్యడానికి మరొకడు. పిల్లవాడు ఎవరిని అంటిపెట్టుకున్నాడు, ఎందుకు అంటిపెట్టుకున్నాడు, ఆ పట్టు ఎలా తెగింది, తెగాక వాడేం చేశాడు అనే ప్రశ్నలు రచయిత వేసుకున్నట్టు కనబడదు.

ఈమధ్య ఒక పోటీకి వచ్చిన కథల్ని వరసపెట్టి చదవవలసి వచ్చింది. వాటిలో పనికి వెళ్ళే తల్లి కథలు కొన్ని ఉన్నాయి. తల్లి ఉద్యోగస్తురాలైతే బిడ్డకు జబ్బు చేస్తుంది, ఆమె పశ్చాత్తాపపడి ఉద్యోగం మానేస్తుంది. కూలితల్లి అయితే మానడానికి వీల్లేదు గనక బిడ్డ చచ్చిపోతుంది. రాసినవాళ్ళు స్త్రీలను వంటింటికి కట్టెయ్యాలనుకునేవాళ్ళు కారు. కాని తల్లి కళ్ళెదుట లేకపోతే బిడ్డ చెడిపోతుందన్న సూత్రం మాత్రం వాళ్ళ చేతిరాతలోనే ఉంది. తెలియకుండానే తీర్పు చెప్పేశారు.

దీనికి విరుగుడుగా కొందరు విమర్శకులు మనస్తత్వశాస్త్రమంతా బూర్జువా వ్యవహారమనీ, పిల్లవాడి మనసును శాసించేది వర్గమేననీ కొట్టిపారేస్తారు. వర్గం శాసిస్తుందన్న మాటతో నాకు పేచీ లేదు. కాని వర్గం నేరుగా ఉయ్యాల్లోకి దిగదు. అది తల్లి అలసట ద్వారా, తండ్రి కోపం ద్వారా, అవ్వ వడి ద్వారా, అక్క చంక ద్వారా పసివాడికి చేరుతుంది. ఈ మధ్యనున్న అంచెలే కుటుంబ సంబంధాలు. రచయితకు ముడిసరుకు అక్కడే ఉంది.

పసిపిల్లల అనుబంధం గురించి మాట్లాడటానికి మన భాషలో మాటల కరువు లేదు. ఏడెనిమిది నెలల బిడ్డ కొత్తవాళ్ళ చేతికి పోకుండా గుక్కపెడితే ‘కొత్తా పాతా తెలుస్తోంది’ అంటారు ఇంట్లో ఆడవాళ్ళు. ఎవరి దగ్గర నిలిస్తే వాళ్ళకు ‘మాలిమి అయ్యాడు’ అంటారు. దగ్గరివాళ్ళు కనబడక తిండి మానేసి ఒళ్ళు వెచ్చబడితే ‘బెంగ పెట్టుకున్నాడు’ అంటారు. అనుబంధం రోజులమీద ఏర్పడేదనీ, ఒక ఈడు వచ్చేసరికి గట్టిపడుతుందనీ, తెగితే ఒంటికి సైతం తెలుస్తుందనీ ఈ మూడు మాటలూ చెబుతున్నాయి. పాశ్చాత్య మనస్తత్వశాస్త్రం దీన్ని ఒప్పుకోవడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం సగం గడవవలసి వచ్చింది.

అంతకుముందు అక్కడ ఏం చెప్పేవారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ప్రవర్తనావాది జాన్ వాట్సన్ 1928లో పిల్లల పెంపకం మీద రాసిన పుస్తకంలో బిడ్డల్ని కౌగిలించుకోవద్దనీ, ముద్దుపెట్టుకోవద్దనీ, ఉదయాన్నే కరచాలనం చేస్తే చాలుననీ తల్లిదండ్రులకు ఉపదేశించాడు. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే ఏడుపు అలవాటవుతుందన్నది ఆ కాలపు వాదన. మన ఇళ్ళలోనూ ‘ఎత్తుకోవడం అలవాటు చెయ్యకు’ అనే పెద్దలు లేకపోలేదు. ఫ్రాయిడ్ శిష్యులు ఇంకో దారిన పోయి, పాలిచ్చి ఆకలి తీర్చుతుంది గనకనే బిడ్డకు తల్లిమీద మమకారం అన్నారు. అంటే రెండు పక్షాలవాళ్ళకూ బిడ్డ ఒక కడుపే.

ఈ కడుపు సిద్ధాంతాన్ని దెబ్బతీసినవాడు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హ్యారీ హార్లో. కోతిపిల్లల్ని తల్లుల నుంచి విడదీసి, వాటి ముందు రెండు బొమ్మతల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనప తీగెలతో చేసింది, దానికే పాలసీసా ఉంది. రెండోది మెత్తని బట్ట చుట్టింది, దాని దగ్గర పాలు లేవు. పిల్లలు పాలకోసం తీగెబొమ్మ దగ్గరికి పోయి, తాగి, తక్కిన పొద్దంతా బట్టబొమ్మనే కరుచుకుని ఉన్నాయి. భయపడ్డప్పుడు పరుగెత్తింది కూడా దాని దగ్గరికే. 1958లో ప్రకటించిన ఈ ఫలితాలు పేరు తెచ్చాయి గాని, ఒంటరిగా పెరిగిన ఆ కోతులు తర్వాత తోటి కోతులతో కలవలేక, తమ పిల్లల్ని పెంచలేక పడ్డ అవస్థ చదివితే ఆ ప్రయోగాల క్రూరత్వం మీద కూడా ఒక మాట అనాలనిపిస్తుంది.

మనుషుల విషయంలో దారి చూపింది ప్రయోగశాల కాదు, యుద్ధమూ ఆసుపత్రీ. 1939 సెప్టెంబరులో లండను మొదలైన నగరాల నుంచి లక్షలాది పిల్లల్ని బాంబుల భయంతో పల్లెలకు తరలించారు. ఒళ్ళు క్షేమంగా ఉంది, కాని చాలామంది బెంగతో చిక్కిపోయారు. అనా ఫ్రాయిడ్ నడిపిన యుద్ధకాలపు శిశుగృహంలో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ యుద్ధం తర్వాత ఆసుపత్రుల్లో పిల్లల్ని గమనించాడు. అప్పట్లో తల్లిదండ్రుల్ని వార్డుల్లోకి రానిచ్చేవారు కారు, రానిచ్చినా వారానికేదో ఒక గంట. వాళ్ళొస్తే పిల్లలు ఏడుస్తారనీ, రాకపోతే ‘సర్దుకుంటారనీ’ నర్సుల వాదన. ఆ సర్దుకోవడం ఏమిటో రాబర్ట్‌సన్ విడమరిచి చూపాడు. మొదట బిడ్డ గోలపెడుతుంది, తలుపువైపు చూస్తూ ఎదురుతిరుగుతుంది. తర్వాత గోల తగ్గి మూలన కూలబడుతుంది. ఆ తర్వాత లేచి ఆడుకుంటుంది, నర్సును చూసి నవ్వుతుంది, పెట్టింది తింటుంది. తల్లి వస్తే మాత్రం ముఖం తిప్పుకుంటుంది. ఆసుపత్రివాళ్ళు నయమైందనుకున్న ఈ మూడో దశే అన్నిటికంటే ప్రమాదకరమైందని ఆయన వాదం. మాటలతో నమ్మరని 1952లో రెండేళ్ళ పాప ఆసుపత్రి వాసాన్ని సినిమాగా తీసి డాక్టర్లకు చూపాడు. చాలామంది కోప్పడ్డారు. ఆసుపత్రుల్లోని పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రుల్ని ధారాళంగా రానివ్వాలని బ్రిటిష్ ప్రభుత్వ సంఘం సిఫారసు చేసింది 1959లో.

రాబర్ట్‌సన్‌తో కలిసి పనిచేసిన జాన్ బౌల్బీ ఈ పరిశీలనల్ని సిద్ధాంతంగా మలిచాడు. బౌల్బీ 1907లో లండనులో సంపన్న కుటుంబంలో పుట్టాడు. తండ్రి రాజవంశానికి వైద్యం చేసిన సర్జను. ఆ వర్గపు రివాజు ప్రకారం తల్లి రోజుకో గంటసేపు కనబడేది, పెంచింది ఆయాలు. తనను ప్రాణంగా చూసిన ఆయా బౌల్బీకి నాలుగేళ్ళ వయసులో కొలువు వదిలి వెళ్ళిపోయింది. అది తల్లిని పోగొట్టుకోవడమంత దెబ్బ అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. డబ్బున్నంత మాత్రాన బిడ్డకు మనిషి దక్కదనడానికి ఇంతకంటే ఉదాహరణ వెతకనక్కరలేదు. మన టాగూరు మాత్రం? జొరసాంకో భవనంలో ఆయన బాల్యం నౌకర్ల పాలనలో గడిచింది. శ్యాం అనే నౌకరు నేలమీద సుద్దతో గీత గీసి, దాటితే ముప్పని బెదిరించి కూర్చోబెట్టేవాడని ఆయన స్వీయచరిత్రలో ఉంది. ‘సెలవు’ కథలో తల్లికి దూరమై కలకత్తాలో మేనమామ ఇంట్లో బెంగతో రాలిపోయే ఫటిక్‌ను సృష్టించినవాడు ఆ గీత లోపల కూర్చున్న పిల్లవాడే అని నా నమ్మకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం బౌల్బీ రాసిన నివేదిక 1951లో వెలువడింది. అనుబంధం మీద ఆయన బృహద్గ్రంథం మూడు సంపుటాలు 1969, 1973, 1980లలో వచ్చాయి. ఆకలిలాగే అనుబంధం కూడా ప్రాణి మనుగడకు అవసరమైన స్వతంత్రమైన అక్కర అనీ, తనకు దిక్కుగా ఉన్న మనిషి దగ్గరలో ఉన్నారన్న నమ్మకం ఉంటేనే బిడ్డ దూరం పోయి లోకాన్ని పరిశీలిస్తుందనీ ఆయన చెప్పిన దాని సారం. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది, రచయితలకు పనికొచ్చేది. బాగా ఆనుకోగలిగిన పిల్లవాడే బాగా విడిపోగలడు. కొంగు వదలని పిల్లవాడికి ప్రేమ ఎక్కువై వదలడం లేదనుకుంటాం. సాధారణంగా ఆ కొంగు రేపు ఉంటుందో లేదో వాడికి తెలియదు.

మేరీ ఐన్స్‌వర్త్ ఈ మాటను ఇళ్ళలోకి వెళ్ళి పరీక్షించింది. 1954, 55లలో ఉగాండా పల్లెల్లో ఇరవయ్యారుమంది తల్లుల్నీ బిడ్డల్నీ నెలల తరబడి చూసింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో అదే పని చేసింది. ఏడుపుకు వెంటవెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరకు తక్కువ ఏడుస్తున్నారని తేలింది. వాట్సన్ ఉపదేశం తలకిందులైంది. ‘అడగందే అమ్మయినా పెట్టదు’ అని మన సామెత. అడిగితే పెడుతుందన్న నమ్మకం కుదిరిన బిడ్డకు గొంతు చించుకోవలసిన పని లేదు.

ఆమె ఏర్పాటు చేసిన ఒక చిన్న పరీక్ష ప్రపంచమంతా ప్రసిద్ధమైంది. ఏడాది వయసున్న బిడ్డనూ తల్లినీ బొమ్మలున్న కొత్త గదిలో కూర్చోబెడతారు. ఒక అపరిచితురాలు వస్తుంది. తల్లి కాసేపు బయటికి వెళ్ళి తిరిగి వస్తుంది. వెళ్ళినప్పుడు బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది కాదు ముఖ్యం, వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే. ఎక్కువమంది పిల్లలు తల్లి దగ్గరికి పోయి, ఊరడిల్లి, మళ్ళీ ఆటలో పడ్డారు. కొందరు ఎత్తుకోమని చేతులు చాస్తూనే కాళ్ళతో తన్నారు, ఎంతకూ ఊరడిల్లలేదు. ఇంకొందరు తల్లి వచ్చిందని గుర్తించనట్టే బొమ్మలతో ఉండిపోయారు. ఈ మూడో రకం పిల్లల్ని చూసినవాళ్ళు ‘ఎంత నిబ్బరం’ అంటారు. కాని తర్వాతి పరిశోధకులు వాళ్ళ గుండె వేగం కొలిచి చూస్తే లోపల ఆందోళన తక్కువేమీ లేదు. చూపినందువల్ల లాభం లేదని నేర్చుకున్నారు, అంతే.

కథలో ‘బుద్ధిమంతుడైన’ పిల్లవాణ్ణి ప్రవేశపెట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంది. ఏడవని పిల్లవాడు, మారాం చెయ్యని పిల్లవాడు, అమ్మ ఊరికి పోతుంటే చెయ్యి ఊపి లోపలికి పోయే పిల్లవాడు, వీళ్ళను మన కథకులు సుఖంగా ఉన్నవాళ్ళ ఖాతాలో వేస్తున్నారు.

ఇంతవరకూ శాస్త్రం చెప్పింది బాగానే ఉంది. కాని ఈ శాస్త్రం ఏ కాలంలో, ఎవరికి అక్కరకొచ్చిందో కూడా చూడాలి. యుద్ధకాలంలో బ్రిటన్, అమెరికా ప్రభుత్వాలు స్త్రీలను కర్మాగారాలకు పిలిచి, వాళ్ళ పిల్లలకోసం శిశుగృహాలు తెరిచాయి. 1945 తర్వాత సైనికులు తిరిగొచ్చారు, స్త్రీలు ఇళ్ళకు పోవలసి వచ్చింది, శిశుగృహాలకు డబ్బు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు బౌల్బీ నివేదిక చేతికి అందింది. తల్లిదండ్రులకు సమాజం ఆసరా ఇవ్వాలని ఆ నివేదికలో ఉన్న భాగాన్ని పక్కన పెట్టి, తల్లి ఇంట్లో ఉండాలన్న భాగాన్ని పత్రికలు ఎత్తి పట్టుకున్నాయి. ‘తల్లి’ అన్న మాటను బౌల్బీ కూడా జాగ్రత్తగా వాడలేదనే నేననుకుంటాను. మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1950లలోనే దీన్ని ఎదుర్కొంది. మైకేల్ రట్టర్ 1972లో ఈ వాదాన్నంతా తిరిగి తూచి, ఎడబాటు వేరు, మొదట్నుంచీ ఎవరూ లేకపోవడం వేరు, ఇంట్లో కలహం వేరు, ఇవన్నీ ఒకే గంపలో వెయ్యకూడదన్నాడు. అంతకుముందే 1964లో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు గ్లాస్గోలో అరవైమంది పసిపిల్లల్ని చూసి రెండు సంగతులు చెప్పారు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒకరికంటే ఎక్కువమందికి మాలిమి అయ్యారు. పైగా ఎక్కువసేపు దగ్గర ఉన్నవాళ్ళకో, పాలు పట్టినవాళ్ళకో కాదు, పిలిస్తే పలికినవాళ్ళకు మాలిమి అయ్యారు.

పలకడానికి ఏం కావాలి? ఒంట్లో ఓపిక కావాలి. మనసులో ఒక కాస్త జాగా కావాలి. చేతిలో పని పక్కన పెడితే కూలి కోతపడని ఏర్పాటు కావాలి. ప్రేమ అందరు తల్లులకూ ఉండవచ్చు, ఇవి మాత్రం అందరికీ సమానంగా లేవు. ఇంగ్లండు కార్మికుల స్థితిగతులమీద ఎంగెల్స్ 1845లో ప్రచురించిన పుస్తకంలో మిల్లుకు పోతూ పసిపిల్లలకు నల్లమందు కలిపిన మందులు పట్టించే తల్లుల ప్రస్తావన ఉంది. 1920ల ప్రాంతంలో బొంబాయి నూలుమిల్లుల్లో స్త్రీలూ అదే పని చేసేవారని నాటి విచారణలు రాశాయి. ఆ తల్లికి ప్రేమ లేదందామా? ఆమె లేని పది గంటలు బిడ్డ ఏడవకుండా ఉండటానికి ఆమెకు దొరికిన ఒకే ఒక దాది ఆ మందు. మన పొలాల్లో చెట్టుకొమ్మకు చీర కట్టి బిడ్డను పడుకోబెట్టి కలుపుకు దిగే స్త్రీకి ఏడుపు వినబడుతూనే ఉంటుంది. మునుం వదిలి రావడానికి మేస్త్రీ ఒప్పుకోవాలి.

అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో పేదతల్లుల పిల్లల్ని 1975 నుంచి దశాబ్దాల తరబడి వెంబడించిన అధ్యయనం ఒకటుంది. ఏడాది వయసులో నిబ్బరంగా ఉన్న బిడ్డ ఏడాదిన్నరకు బెదురుగొడ్డు కావచ్చుననీ, తల్లి బతుకులో వచ్చిపడిన చిక్కులకూ ఈ మార్పుకూ సంబంధం ఉందనీ అందులో తేలింది. అంటే అనుబంధం ఒకసారి పోసి చల్లార్చిన పోత కాదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను పిల్లల పట్ల ఇంత నిర్దయగా వాడటం ఎప్పుడు మానేస్తామో తెలియదు.

మన కుటుంబం సంగతికి వస్తే, బౌల్బీ లెక్కలు కొన్ని ఇక్కడ మార్చి రాసుకోవాలి. సూజన్ సేమూర్ అనే మానవశాస్త్రవేత్త భువనేశ్వర్‌లో 1960ల నుంచి మూడు దశాబ్దాలపాటు కుటుంబాలను గమనించి 1999లో పుస్తకం వేసింది. అవ్వ, పిన్ని, అక్క, పొరుగింటామె ఇలా పలు చేతుల మధ్య పెరిగే బిడ్డ అందులో కనబడుతుంది. తల్లి ఒక్కతే లోకం కాదు. దీన్ని చూసి ఉమ్మడి కుటుంబాన్ని ఆకాశానికెత్తేవాళ్ళున్నారు. వాళ్ళు ఒక సంగతి దాటేస్తారు. ఆ ఇంట్లో కొత్తకోడలు అత్తమామల ముందు తన బిడ్డను తాను ముద్దు చెయ్యడం మర్యాద కాదు. పాలివ్వడానికి మాత్రమే బిడ్డ ఆమె చేతికొస్తుంది. భర్త పగటిపూట పలకరించడు. చివరకు ఆమెకు ఆ ఇంట్లో దక్కే ఏకైక మనిషి కొడుకు. వాడు పెద్దవాడయ్యాక కోడలి మీద ఆమె చూపే అసూయను అత్తల దుష్టస్వభావంగా మన కథలు రాశాయి. అది ఇరవై అయిదేళ్ళ పాటు వడ్డీ కట్టిన అప్పు.

అక్క సంగతి ఇంకా పట్టించుకోలేదు. పేద ఇళ్ళలో ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల చంకన తమ్ముడుంటాడు. ఆమె బడి మానడం గురించి మనం రాశాం, రాయవలసిందే. కాని ఆ తమ్ముడికి తల్లి ఆమే. ఆమెకు పదమూడో పద్నాలుగో ఏట పెళ్ళి చేసి పంపిస్తే వాడికి తల్లి పోయినట్టే. అప్పగింతల దృశ్యాలు మనకు వందలున్నాయి. వాటిలో తల్లి ఏడుస్తుంది, తండ్రి కళ్ళొత్తుకుంటాడు. పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డ అయిదేళ్ళవాడు ఆ రాత్రి ఎవరి పక్కన పడుకున్నాడో ఏ కథలోనూ చదివిన గుర్తు లేదు.

తండ్రి గురించి మన నవలాకారులు కొంత తవ్వారు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును తినేసింది తండ్రి దెబ్బలు కావు, తండ్రి మాట. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న ఆ కోరిక ఆస్తి పోయాక కూడా కొడుకు గుండెమీద కూర్చుంది. భూస్వామ్యపు విలువ తండ్రి పట్ల ప్రేమ అనే రూపంలో లోపలికి ప్రవేశించడాన్ని అంత స్పష్టంగా చూపిన నవల మరొకటి నాకు తెలియదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని తల్లిమీద పడిన అపవాదు నీడలా వెంటాడుతుంది. ఆ నవలను వ్యక్తివాదమని విసిరికొట్టిన మనవాళ్ళున్నారు. తల్లి శీలాన్ని ఊరు కొలిచే తూకంతోనే కొడుకు తనను తాను కొలుచుకోవలసి రావడం వ్యక్తిగతం ఎలా అవుతుందో వాళ్ళే చెప్పాలి. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ మరో పద్ధతి. సుందరం అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టి, పెద్ద సంఘటన ఏదీ లేకుండానే ఒక మధ్యతరగతి ఇల్లు ఒక పిల్లవాణ్ణి ఎలా తయారుచేస్తుందో పూసగుచ్చినట్టు చూపుతాడు. విద్యార్థులు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నేను చెప్పేదానికంటే ఎక్కువే దొరుకుతుంది.

అయినా ఈ విషయంలో నాకు మొదటి పాఠ్యపుస్తకం గోర్కీ ‘బాల్యం’. సిద్ధాంతం పుట్టడానికి దశాబ్దాల ముందే 1913, 14లలో రాసిన ఈ పుస్తకంలో దాదాపు అంతా ఉంది. మూడేళ్ళ అల్యోషా తండ్రి కలరాతో పోయాడు. తల్లి వర్వారా కొడుకును నిజ్నీ నోవ్‌గరద్‌లో తన పుట్టింట దించి, తన బతుకు వెతుక్కుంటూ వెళ్ళింది. వస్తుంది, పోతుంది, మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది. తాత రంగుల అద్దకం యజమాని, ఒకప్పుడు ఓల్గా నదిమీద పడవలు లాగిన కూలీ. ఆస్తి పంపకాలకోసం మేనమామలు ఒకరినొకరు చంపుకునేంత పని చేస్తుంటారు. శనివారం శనివారం పిల్లల్ని బెత్తంతో కొట్టడం ఆ ఇంటి నియమం. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడు గోర్కీ ఎలా అయ్యాడు?

అమ్మమ్మ వల్ల అని అందరూ చెబుతారు. అది నిజమే, కాని ఎలా అన్నది చూడాలి. అకులీనా ఇవానొవ్నా ఆ ఇంట్లో అధికారం లేని మనిషి. భర్త చేతిలో తానే దెబ్బలు తింటుంది. మనవణ్ణి దెబ్బలనుంచి తప్పించలేదు. కాని దెబ్బలు తిన్నాక వాడి దగ్గర ఉంటుంది, కథ చెబుతుంది, వాడు అడిగింది వింటుంది. సిగనోక్ అనే దొరికిన పిల్లవాడు, ఆ ఇంట్లో పనివాడు, బెత్తం కింద తన చెయ్యి అడ్డం పెట్టి ఆ చారల్ని అల్యోషాకు చూపిస్తాడు. అల్యోషాకు ఆ ఇంట్లో అన్నీ పోలేదు. బాధను చెప్పుకుంటే వినే మనిషి ఒకరున్నారు. తల్లిమీద వాడి భావం మాత్రం గోర్కీ ఎక్కడా సరిచెయ్యలేదు. ఆమె వస్తే సంబరం, దగ్గరికి పోవడానికి జంకు, ఆమె అందం చూసి గర్వం, ఆమెను కొట్టిన మారుతండ్రి మీదికి కత్తి పట్టుకుని దూకడం. ఐన్స్‌వర్త్ గదిలో చేతులు చాస్తూ కాళ్ళతో తన్నిన బిడ్డ పెద్దదైతే ఇలాగే ఉంటుంది. తల్లిని పతితగానూ చూపలేదు, దేవతగానూ చూపలేదు. పేదరికంలో, అంత చిన్న వయసులో వితంతువైన స్త్రీకి ఉన్న దారులెన్నో మనకే అర్థమవుతాయి. తల్లి చనిపోగానే పదకొండేళ్ళవాణ్ణి తాత బతకడానికి లోకంలోకి పొమ్మన్నాడు.

కుటుంబం చేసే పనిని సంస్థలు చెయ్యగలవా అన్న ప్రశ్న మనకు తప్పదు, ఎందుకంటే కుటుంబానికి బదులుగా సమష్టి అని మాట్లాడినవాళ్ళం మనమే. అంతర్యుద్ధం మిగిల్చిన దిక్కులేని పిల్లలకోసం 1920లో పోల్తావా దగ్గర మకరెంకో నడిపిన గోర్కీ కాలనీ ఒకవైపు ఉంది. అక్కడ చేరింది చాలావరకు ఎదిగిన పిల్లలు. వాళ్ళకు పని ఉంది, గౌరవం ఉంది, పేరుపెట్టి పిలిచి తగవు పెట్టుకునే మకరెంకో ఉన్నాడు. ఇంకోవైపు రుమేనియా ఉంది. చౌషెస్కూ ప్రభుత్వం 1966లో గర్భస్రావాలను నిషేధించి జననాలను పెంచింది, సాకలేని కుటుంబాలు పిల్లల్ని ప్రభుత్వ గృహాలకు అప్పగించాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు ఆ గృహాల్లో ఉన్నారు. తిండి పెట్టారు, బట్ట కట్టారు, పూటకో ఉద్యోగి మారింది. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో నూటముప్ఫయ్యారుమంది పసిపిల్లల్లో సగంమందిని చీటీ తీసి పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళు ఎక్కువగా కోలుకున్నారు. సోషలిజం పేరుతో జరిగింది గనక దీని గురించి మాట్లాడకూడదనుకోవడం నాకు నచ్చదు. ఇజ్రాయెల్ కిబ్బుట్జ్‌లలో పగలు సమష్టి శిశుగృహాల్లో పెరిగి రాత్రి తల్లిదండ్రుల దగ్గర పడుకున్న పిల్లలకు లోటేమీ కనబడలేదు. రాత్రి కూడా కాపలా ఉద్యోగి మీద వదిలిన చోట నిబ్బరమైన అనుబంధం ఉన్న పిల్లలు ఎనభై శాతం నుంచి నలభై ఎనిమిదికి పడిపోయారని 1994లో తేలింది. సమష్టి చెడ్డదని దీని అర్థం కాదు. రాత్రి ఉలిక్కిపడి లేచిన బిడ్డకు తెలిసిన గొంతు వినబడాలి. ఆ గొంతు ఆయాది కావచ్చు, తండ్రిది కావచ్చు, కాని రోజూ మారకూడదు.

మన ప్రభుత్వాలు ఈ విషయంలో చేసినవి తెలిసినవే. 1961 నాటి ప్రసూతి సదుపాయాల చట్టాన్ని 2017లో సవరించి సెలవు ఇరవయ్యారు వారాలకు పెంచారు, యాభైమంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట శిశుగృహం ఉండాలన్నారు. వ్యవసాయ కూలీకి, ఇళ్ళలో పాచిపని చేసే ఆమెకు ఈ వారాలు లేవు. 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకం పాలూ గుడ్డూ పప్పూ లెక్క చూసుకోవడంలోనే సరిపోయింది. ఆ కార్యకర్త పిలిస్తే పలికే తీరిక ఆమెకు మనం ఇవ్వలేదు.

ఈ లెక్కలన్నీ వచ్చి పడే చోటు ఒకటి మన కళ్ళముందే ఉంది. కడప జిల్లానుంచీ, గోదావరి జిల్లాలనుంచీ ఇళ్ళలో పనికోసం కువైట్ వెళ్ళిన స్త్రీలు వేలమంది. అక్కడ వాళ్ళలో చాలామంది చేసే పని పరాయి బిడ్డను ఎత్తుకోవడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం. పిలిస్తే పలకడం అక్కడ జీతానికి అమ్ముడుపోయింది. ఆమె బిడ్డ ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఆ అమ్మమ్మ కూడా పొద్దున కూలికి పోతే చిన్నదాన్ని చూసేది పెద్దపిల్ల. ఒక దేశపు ఇంటినుంచి ఇంకో దేశపు ఇంటికి సాగే ఈ గొలుసును సమాజశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 2000లో వివరించింది. ఖనిజాలూ పత్తీ తరలించుకుపోయినట్టే మమకారాన్ని కూడా సంపన్న దేశాలు తరలించుకుపోతున్నాయన్నది ఆమె వాదనలోని సారం.

గల్ఫ్ కథలు మనకు వచ్చాయి. ఏజెంట్ మోసం, యజమాని హింస, శవపేటిక. ఇవన్నీ నిజమే. తిరిగి వచ్చిన తల్లి కథ మాత్రం సాధారణంగా కౌగిలింతతో ముగిసిపోతుంది. మూడేళ్ళ తర్వాత ఆమె ఆటో దిగుతుంది, సంచీలో బొమ్మలున్నాయి, బిస్కట్లున్నాయి. అయిదేళ్ళ పిల్ల అమ్మమ్మ కొంగుచాటుకు పోతుంది. చుట్టుపక్కలవాళ్ళు ‘అమ్మే, మీ అమ్మే’ అని ముందుకు తోస్తారు. పిల్ల బొమ్మ తీసుకుంటుంది, మనిషి దగ్గరికి రాదు. రాత్రి పక్క వెయ్యగానే లేచి అమ్మమ్మ మంచానికి పోతుంది. తల్లికి ఆ మూడేళ్ళూ పరాయి బిడ్డ నిద్రలో తన మెడ చుట్టూ చెయ్యి వేసిన అలవాటు ఇంకా పోలేదు. నెల గడిచేసరికి పిల్ల మెల్లగా దగ్గరవుతుంది, జడ వేయించుకుంటుంది, ఒకసారి ‘అమ్మా’ అని పిలుస్తుంది. వీసా గడువు అప్పటికి ఇంకా పన్నెండు రోజులుంటుంది. అప్పు కూడా పూర్తిగా తీరి ఉండదు. రెండోసారి ఆటో ఎక్కేటప్పుడు పిల్ల ఏడవదు, చెయ్యి ఊపి లోపలికి పోతుంది.